పద్నాలుగు లక్ష్యాలు రాసుకున్నాను, పందొమ్మిదో రోజుకే ఆగిపోయాను

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. వయసు 36, సొంతూరు నల్లగొండ దగ్గర పల్లె. బీఎస్సీ మ్యాథ్స్ చదివి, ఆ తర్వాత ఎంసీఏ చేసి, పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో ఉన్నారు. ఇంటి అప్పుకు నెలకు 31 వేల ఈఎంఐ. భార్య ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో పనిచేస్తారు, జీతం 18 వేలు. పాప మూడో తరగతి.

మొన్న దసరాకి ఊరెళ్లినప్పుడు అన్నగారి అమ్మాయి, ఏడో తరగతి పిల్ల, లెక్కల పుస్తకం ముందేసుకుని ఏడుస్తూ కూర్చుందట. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందో బడిలో ఎవరూ చెప్పలేదు. ఈయన అన్నారు: "నీకు నెలకి వంద చొప్పున అప్పు పెరుగుతోందనుకో. మూడు నెలలు వెనక్కి వెళ్తే ఇప్పటికన్నా నీ దగ్గర ఎంత ఎక్కువుంటుంది?" పిల్ల కాసేపు ఆలోచించి, "మూడొందలు... ఓహ్, అందుకా చిన్నాన్నా!" అని మిగతా లెక్కలు తనే చేసేసుకుంది. ఆ రాత్రి ఈయనకు నిద్ర లేదు. "నా జీవితంలో నేను ఎంచుకున్నది ఒక్కటీ లేదు, అన్నీ వాటంతటవే వచ్చి పడ్డాయి అని ఒక్కసారిగా అర్థమైంది. మెరుపు మెరిసినట్టే ఉంది" అని రాశారు.

సిటీకి తిరిగొచ్చాక నోటుబుక్కులో పద్నాలుగు లక్ష్యాలు రాశారు. పొద్దున ఐదుకు లేవడం, పది కిలోలు తగ్గడం, ఏడాదిలో యాభై పుస్తకాలు, ఇంగ్లిష్, ధ్యానం, షేర్లు, ఇలా. 28 వేలు కట్టి వ్యక్తిత్వ వికాస శిబిరానికీ వెళ్లారు. ఉద్యోగం మానేసి బీఈడీ చేస్తానని ఇంట్లో ప్రకటించారు. భార్య ఒకే మాట అన్నారట: "ఇది మూడోసారి." మొదటిది జిమ్, రెండోది షేర్ ట్రేడింగ్. పందొమ్మిదో రోజున ఆఫీసులో రిలీజ్ (సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదల) వచ్చి రాత్రి రెండింటిదాకా కూర్చోవలసి వచ్చింది. మర్నాడు ఐదుకు లేవలేదు. ఆ తర్వాత నోటుబుక్కు తెరవలేదు.

ఆయన ప్రశ్నలు మూడు. ఆ రాత్రి కలిగింది నిజమైన ఎరుకా, శ్మశాన వైరాగ్యమా? రాజీనామా చేయాలా వద్దా? ఏదీ ఎందుకు నిలబెట్టుకోలేకపోతున్నాను?

సమాధానం:

మీ మొదటి ప్రశ్నతోనే మొదలుపెడదాం. మీరు శ్మశానం ఒక్కటే అన్నారు గానీ మనవాళ్లు పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం కూడా కలిపి మూడు చెప్పారు. వాటిని అబద్ధాలని ఎవరూ అనలేదు. కాటి దగ్గర నిలబడ్డవాడికి తట్టేది నిజమే. ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం తిన్నాక అది ఉండదు, అంతే. కాబట్టి 'నిజమా కాదా' అనేది ఒక ప్రశ్న, 'నిలుస్తుందా లేదా' అనేది ఇంకొకటి. మీరు రెండింటినీ ఒకటి చేసి, నిలవలేదు కాబట్టి నిజం కాదని తేల్చుకుంటున్నారు. పందొమ్మిదో రోజున ఆగిపోయింది మీ టైంటేబుల్. ఆ రాత్రి మీకు తెలిసినదాని సంగతి మీరింకా పరీక్షించనే లేదు.

ఇలా హఠాత్తుగా తట్టే విషయాలకు ఒక లక్షణం ఉంది, వాటితో పాటే గట్టి నమ్మకమూ వస్తుంది. ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త హెన్రీ పాయింకరే ప్రయాణంలో ఉండగా, బండి మెట్టు మీద కాలు పెట్టిన క్షణంలో, కొన్నాళ్లుగా కుస్తీ పడుతున్న సమస్యకు దారి దొరికిందని స్వయంగా చెప్పుకున్నాడు. అప్పుడే పూర్తి నమ్మకం కుదిరిందట. అయినా ఊరికి తిరిగొచ్చాక తీరిగ్గా కూర్చుని సరిచూసుకున్నాడు. ఇలాంటి అనుభవాలను పరిశీలించి 1926లో గ్రహమ్ వాలస్ అనే ఆంగ్లేయుడు నాలుగు దశలు చెప్పాడు: సిద్ధపడటం, పక్కన పెట్టి నాననివ్వడం, తట్టడం, సరిచూడటం. ఈ నాలుగోది ఎందుకంటే, తప్పు జవాబు కూడా ఒక్కోసారి అదే మెరుపుతో, అదే నమ్మకంతో తడుతుంది. లోపలి అనుభూతిని బట్టి రెండింటికీ తేడా పట్టలేం. మీరు మూడో దశ నుంచి నేరుగా రాజీనామాకి దూకబోయారు.

సరిచూడాలంటే ముందు ఏం తట్టిందో తేలాలి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అందులో నాలుగు వేర్వేరు సంగతులు కనిపించాయి. పిల్లలకు లెక్కలు చెప్పడం ఇష్టం అన్నది ఒకటి. పిల్లలే కానక్కర్లేదు, ఎవరికైనా ఒకటి అర్థమయ్యేలా విప్పి చెప్పడం ఇష్టం, ఇది రెండోది. అసలు చెప్పడంతో పనే లేదు, టెస్టింగ్ పని విసుగెత్తింది అన్నది మూడోది. ఇక నాలుగోది, సిటీకి దూరంగా, అన్నదమ్ముల మధ్య, సెలవు రోజున ఎవరికైనా ఉండే హాయి. ఒక్కోదానికి మందు వేరు. మొదటిదైతే బీఈడీ గురించి ఆలోచించవచ్చు. రెండోదైతే మీ కంపెనీలో కొత్తగా చేరేవాళ్లకు శిక్షణ ఇచ్చే పని అడిగినా సరిపోవచ్చు. మూడోదైతే కంపెనీయో, టీమో మారితే చాలు. నాలుగోదైతే రెండు నెలలకోసారి ఊరెళ్లి రండి. నాలుగో జబ్బుకు మొదటి మందు వేసుకుంటే రెండేళ్లూ, పద్నాలుగు లక్షలూ పోతాయి. ఆ లెక్క కిందికొచ్చాక చెబుతాను.

ఇప్పుడు మీ జాబితా. అది మీరు ఉత్తరంతో పాటు పంపడం మంచిదైంది. పిల్లకు లెక్క చెప్పిన రాత్రి పుట్టిన జాబితాలో "టీచింగ్ గురించి ఆలోచించాలి" అన్నది పదకొండో నంబరు! దాని పైనున్న పదీ ఆ రాత్రివి కావు. యూట్యూబ్‌లో ఏ ప్రేరణ వీడియో తెరిచినా కనిపించే సరుకే. మీకు తట్టింది ఒకటి, మీరు మోసింది ఇంకొకటి.

పైగా ఆ పదీ రోజులో పట్టవు. మీరే రాసిన అంకెలతో కూడి చూశాను. ఆఫీసు, రానూపోనూ ప్రయాణం కలిపి 11 గంటలు. నిద్ర 7. మిగిలింది 6. అందులో స్నానం, తిండి, పాప హోంవర్కు, కూరగాయలు, అమ్మగారికి ఫోను, ఎంత తగ్గించినా 3. మిగిలిన 3 గంటల్లోకి మీ జాబితా ఐదున్నర గంటల పని తెచ్చి పెట్టింది. పందొమ్మిది రోజులు నడిచిందంటే నిద్ర తెగ్గోసి నడిపారన్నమాట. రిలీజ్ రాత్రి రాకపోయినా ఇంకో వారంలో ఏ జలుబో వచ్చి ఆపేది. మీలో పట్టుదల లేదని అనుకోకండి, కూడిక తప్పింది.

ఇంకో సంగతి. ఒక్క రోజు తప్పగానే అంతా పోయిందనుకున్నారు. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని శిబిరంలో చెప్పి ఉంటారు కదా. ఆ 21 అనే అంకె 1960 ప్రాంతంలో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ నుంచి వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతుందని ఆయన గమనించాడు. దానికీ పొద్దున లేవడానికీ సంబంధం లేదు. లండన్‌లో 96 మందిని పన్నెండు వారాల పాటు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక చిన్న పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి లెక్కగట్టిన అంచనాల్లో 18 నుంచి 254 దాకా తేడా ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినందువల్ల చెప్పుకోదగ్గ నష్టమేమీ కనిపించలేదు. మీ నోటుబుక్కు మూతపడింది తప్పిన రోజు వల్ల కాదు, దాని మర్నాటి వల్ల.

అందుకని పద్నాలుగింటినీ పక్కన పెట్టి ఒక్క ప్రయోగం చేయమంటాను. పన్నెండు వారాలు, వారానికి ఒక్కసారి, ఆదివారం ఉదయం 9 నుంచి 10:30 వరకు. మీ అపార్ట్‌మెంట్‌లో ఏడో, ఎనిమిదో తరగతి చదివే నలుగురు పిల్లలు. ఒకరైతే మీ అన్నగారి అమ్మాయి కథే మళ్లీ జరుగుతుంది, మీకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఎనిమిది మందైతే మొదటి నెలలోనే చేతులెత్తేస్తారు. నలుగురిలో ఒకరు చురుగ్గా, ఇద్దరు మామూలుగా, ఒకరు వినకుండా ఉంటారు, అదే కావాలి. నామమాత్రంగానైనా ఫీజు తీసుకోండి. ఉచితమంటే మూడో వారానికి పుట్టినరోజులూ ఫంక్షన్లూ అడ్డొస్తాయి, పిల్లలు రాకపోవడం మీ చెప్పడం వల్లనా, ఉచితం కావడం వల్లనా అన్నది మీకు తేలదు. ఒకే సిలబస్ వాళ్లను తీసుకోండి. సీబీఎస్ఈ, స్టేట్ కలిపితే అధ్యాయాల వరస కుదరక సగం సమయం అక్కడే పోతుంది.

మొదటి ఆదివారం పది లెక్కలతో చిన్న పరీక్ష పెట్టండి. పూర్ణసంఖ్యలు మూడు, భిన్నాలు మూడు, సామాన్య సమీకరణాలు నాలుగు. కాగితాలు దాచండి. పన్నెండో వారం అవే పది లెక్కలు అంకెలు మార్చి ఇవ్వండి. ఇది పిల్లల సంగతి చెబుతుంది. మీ సంగతి తెలియాలంటే ప్రతి ఆదివారం క్లాసయ్యాక ఐదు నిమిషాలు కూర్చుని మూడు వాక్యాలు రాయండి. ఈరోజు ఏ పిల్ల ఎక్కడ ఆగింది? శనివారం రాత్రి క్లాసు కోసం సిద్ధమవడం భారంగా ఉందా, తెలియకుండా టైమ్ గడిచిందా? ఒకే తప్పును నాలుగోసారి చేసినప్పుడు నాకేమనిపించింది? ఈ మూడో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. అర్థమైన క్షణంలో పిల్ల ముఖం వెలగడం అందరికీ బాగుంటుంది. టీచరు ఉద్యోగంలో అలాంటి క్షణాలు తక్కువ, నాలుగోసారి తప్పులు ఎక్కువ. వాటి దగ్గర మీకు విసుగు కాకుండా 'వీడెందుకు ఇలా చేస్తున్నాడు' అన్న కుతూహలం కలిగితే, మీకు తట్టింది మొదటిదే.

ఏదో ఒకటి అడ్డొస్తుంది. ఏదొస్తే ఏం చేయాలో ఇప్పుడే రాసి పెట్టుకోండి. 'ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను' అని ముందే కట్టుకున్న సంకల్పం, 'గట్టిగా ప్రయత్నిస్తాను' అనుకోవడం కన్నా ఎక్కువగా నిలబడుతుందని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచి ప్రయోగాలతో చూపిస్తూ వచ్చాడు. మీ విషయంలో మూడు చాలు. శుక్రవారం సాయంత్రానికి ఆదివారం రిలీజ్ ఉందని తెలిస్తే, అప్పుడే తల్లిదండ్రుల గ్రూపులో మెసేజ్ పెట్టి శనివారం ఐదింటికి క్లాసు మారుస్తాను. ఒక వారం పూర్తిగా తప్పితే, దాన్ని పూరించడానికి రెండు క్లాసులు పెట్టను, తర్వాతి ఆదివారం మామూలుగా కూర్చుంటాను. ఇద్దరికన్నా తక్కువ మంది వస్తే, ఆ ఒక్కరికే చెబుతాను, రద్దు చేయను. ఈ రెండోది మీకోసమే రాశాను. తప్పిన రోజుకు పరిహారంగా మర్నాడు రెట్టింపు పెట్టుకునే మనిషిలా ఉన్నారు మీరు.

పన్నెండు వారాలంటే పదహారో, పద్దెనిమిదో అవుతుందని కూడా అనుకోండి. 1994లో ప్రచురితమైన ఒక కెనడా అధ్యయనంలో, సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజుల్లో ముగిస్తామన్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్నాళ్లని అడిగితే 49 అన్నారు. పట్టింది సుమారు 55. మన అంచనా ఎప్పుడూ అన్నీ సజావుగా సాగే వారానిదే.

ఈ మధ్యలో రెండు రోజులు సెలవు పెట్టి, తెలిసిన బడిలో, హెడ్మాస్టరు అనుమతితో వెనక బెంచీలో కూర్చుని రండి. మధ్యాహ్నం తర్వాతి పీరియడ్ తప్పకుండా చూడండి. నలభై మంది, ఎండ, అన్నం తిన్న నిద్రమత్తు.

ఇక రాజీనామా. బడిలో లెక్కల టీచరు కావాలంటే దారి ఎలా ఉందో తెలిసే ప్రకటించారో లేదో నాకు ఉత్తరంలో కనిపించలేదు. బీఈడీ రెండేళ్లు. క్లాసులకు 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. ఇంటర్న్‌షిప్ రెండేళ్లలో కలిపి 20 వారాలు. ఉద్యోగం చేస్తూ చేయగలిగేది కాదు. దూరవిద్య బీఈడీ ఇప్పటికే శిక్షణ పొంది పనిచేస్తున్న ప్రాథమిక టీచర్ల కోసం, మీకు వర్తించదు. 'హాజరు మేం చూసుకుంటాం' అనే కాలేజీలు తగులుతాయి, వాటిని నమ్ముకుని ప్రణాళిక వేయకండి. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ ఏడాదికి ఒక్కసారే కాబట్టి సీటు చేతికొచ్చేదాకా ఉద్యోగం మానడంలో అర్థం లేదు.

ఆ తర్వాత టెట్ (టీచరు అర్హత పరీక్ష), డీఎస్సీ (సర్కారు బడుల టీచరు నియామక పరీక్ష). 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత బీఈడీ వాళ్లు ప్రాథమిక తరగతుల ఎస్‌జీటీ పోస్టులకు పనికిరారు, పై తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టులకే వెళ్లాలి. తెలంగాణలో 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే స్కూల్ అసిస్టెంట్ 2,629, అదీ అన్ని సబ్జెక్టులూ అన్ని జిల్లాలూ కలిపి. అందులో మీ జిల్లా లెక్కల పోస్టులెన్నో ఊహించండి. దానికి ముందు నియామకం 2017 నోటిఫికేషన్‌తో జరిగింది. మధ్యలో ఎదురుచూసినవాళ్ల వయసులు ఏమయ్యాయో మీకు తెలిసినవాళ్లనే అడగండి. 2024లో గరిష్ఠ వయసు 46, కాబట్టి వయసు ఇప్పుడే అడ్డు కాదు. నోటిఫికేషన్ మాత్రం మీ చేతిలో లేదు. చేతిలో లేనిదాన్ని లక్ష్యంగా రాసుకుంటే మీరు ఏమీ తప్పు చేయకపోయినా ఓడిపోయినట్టే కనిపిస్తుంది. "డీఎస్సీ కొట్టాలి" అని రాయకండి, "ఫలానా తేదీకి బీఈడీ, టెట్ పూర్తిచేసి ఉండాలి" అని రాయండి.

డబ్బు లెక్క: ఈఎంఐ 31 వేలు, ఇంటి ఖర్చు మీరు చెప్పిన 45 వేలు, మొత్తం 76. మీ ఆవిడ జీతం 18 తీసేస్తే నెలకు 58 వేల లోటు. 24 నెలలకు 13,92,000. ఇందులో బీఈడీ ఫీజు లేదు, కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా పోయాక మీరే తీసుకోవలసిన పాలసీ లేదు. మీ పొదుపు మూడున్నర లక్షలు. మిగతా పదిన్నర లక్షలకు నెలకు 25 వేలు పక్కన పెడితే 42 నెలలు. అంటే ముప్పై తొమ్మిదిన్నరకు బీఈడీలో చేరి, నలభై ఒకటిన్నరకు బయటికొస్తారు. కుదరనిదేమీ కాదు. కానీ ఇది దసరా రాత్రి తీసుకునే నిర్ణయం కాదు.

కాబట్టి పన్నెండు వారాల తర్వాత మీ ముందు మూడు దారులుంటాయి. ఆదివారం క్లాసులు బాగా సాగి, అంతటితో మనసు నిండితే, ఉద్యోగం ఉంచుకుని అలాగే కొనసాగించండి. పదేళ్లు అలా నడిపినా తప్పులేదు. ఇబ్బందల్లా సోమవారం ఆఫీసు అప్పుడు ఇంకా చప్పగా అనిపించవచ్చు. ఆదివారం సరిపోక ఇంకా కావాలనిపిస్తే, పై లెక్కతో మూడున్నరేళ్ల పొదుపు మొదలుపెట్టండి. ఆ దారిలో చివరికి సర్కారు బడి దొరకకపోవచ్చు, ప్రైవేటు బడి జీతంతో ఈఎంఐ నడవాలి, అది మీ ఇద్దరూ కూర్చుని ఒప్పుకోవలసిన సంగతి. ఏడో వారానికే శనివారం రాత్రి తప్పించుకునే సాకులు వెతుకుతున్నారంటే, మీకు తట్టింది మూడోదో నాలుగోదో. అప్పుడు పరీక్ష తప్పినట్టు బాధపడకండి. నలుగురు పిల్లల ఖర్చుతో ఆ విషయం తెలిసింది, పద్నాలుగు లక్షలతో కాదు.

మీ ఆవిడ సంగతి చివరికి ఉంచాను, కారణం ఉంది. "ఇది మూడోసారి" అన్న మాట మీకు ఎత్తిపొడుపుగా వినిపించింది. నాకు అలా అనిపించలేదు. జిమ్ ఫీజూ, ట్రేడింగ్ నష్టమూ మీతో పాటు భరించిన మనిషి లెక్క అప్పజెప్పారు. పైగా ఆవిడ పనిచేసేది స్కూలు ఆఫీసులో. టీచర్లకు ఎంతిస్తారో, వేసవి నెలలకు జీతం వస్తుందో రాదో, ఎవరు ఏడాదికే మానేస్తారో, ఎందుకు మానేస్తారో ఆ ఇంట్లో ఆవిడకు తెలిసినంత మీకు తెలియదు. ఇంత పెద్ద ఉత్తరంలో ఆవిడను ఆ సంగతి ఒక్కసారి అడిగినట్టు ఎక్కడా లేదు. మీ నిర్ణయం చెప్పడానికి కాకుండా, తెలుసుకోవడానికి కూర్చోండి. రాజీనామా మాట ఈ పన్నెండు వారాలు ఎత్తనని ముందే చెప్పండి, అప్పుడే ఆవిడ మనసు విప్పి మాట్లాడతారు. ఆదివారం ఆ గంటన్నర ఇంటిపని ఎవరు చూడాలో కూడా అప్పుడే తేల్చుకోండి. లేకపోతే మీ కొత్త జీవితం బరువు ఆవిడ నెత్తిన పడుతుంది.

శిబిరం వాళ్లు రెండో లెవెల్‌కి పిలుస్తారు, వెళ్లకండి. మిగిలిన పదమూడు లక్ష్యాల్లో నడక ఒక్కటి ఉంచుకోండి, రోజూ ఇరవై నిమిషాలు, ఐదుకు లేవాలన్న నియమం లేకుండా. మిగతావాటిని కొట్టేయకండి, పేజీ తిప్పేయండి.

పిల్లల్ని అడిగే ముందు తల్లిదండ్రులకు ఒకటి స్పష్టంగా చెప్పండి: ఇక్కడ బడి హోంవర్కు చేయించరు, లెక్క ఎందుకలా వస్తుందో చెబుతారు, యూనిట్ టెస్టు మార్కులకు పూచీ లేదు. ఈ మాట ముందు అనకపోతే మూడో వారానికి మీది మామూలు ట్యూషన్ అవుతుంది, మీరు తేల్చుకోవలసింది తేలకుండానే పోతుంది. ఈ షరతుకు ఒప్పుకునే నలుగురు దొరకడానికి పది ఇళ్ల తలుపులు తట్టవలసి రావచ్చు. ఈ శనివారం సాయంత్రం మొదలుపెట్టండి.